ఆరో నంబరు వీపు

నేను గోలు కాసేవాణ్ణి కనక
ఇజ్జాడ తవిటయ్య మొహం ఆటలో ఎప్పుడూ చూళ్లేదు.
పదమూడేళ్లు చూసింది వీపే.
నెల్లిమర్ల జూట్ మిల్లు టీము, ఆకుపచ్చ బనీను,
వాళ్లావిడ కుట్టిన ఆరంకె.
పైకుట్టు ఊడితే అది తలకిందులై తొమ్మిదయ్యేది.
తొమ్మిదో నంబరంటే గోల్సు కొట్టేవాడు!
మేమంతా నవ్వేవాళ్లం.
అతను గుండుసూది ఉందా అని అడిగేవాడు.

పగలు స్పిన్నింగులో పని.
తెగిన పోగుని బొటనవేలి కింద ఒక్క మెలిపెట్టి
ఫ్రేము ఆపకుండా అతికేవాడు.
అతుకు కనబడితే మేస్త్రీ తిట్టేవాడు.
కనబడకపోతే ఏమీ అనేవాడు కాదు,
ఆ షెడ్డులో మెప్పంటే అదే.

సాయంత్రం, చంపావతి ఒడ్డున మైదానంలో,
చెవుల్లో ఇంకా జనపనూగుతో,
బంతి రాకముందే రెండుసార్లు వెనక్కి చూసేవాడు
రోడ్డు దాటే ముసలమ్మలా.
వచ్చాక ఇచ్చేది అయిదు గజాలే,
కుడికాలి వాడికి కుడివైపు, ఎడమకాలి వాడికి ఎడమ,
చేబదులు తీర్చినట్టు.
జనం చప్పట్లకి చేతులెత్తేలోగా
బంతి ఇంకొకడిది అయిపోయేది.

జారిపడి కాళ్లు అడ్డం పెట్టడం అతనికి రాదు.
అందరి బనీన్లూ ఎర్రమట్టి,
అతనిది ఇస్త్రీ మడత.
"ఈడు ఆడినాడేటి ఇయ్యాల?" అనేవాడు సోడాబండి గౌరీసు.

ఆడాడు. నాకు తెలుసు.
సాలూరు టీములో ఒక లారీ క్లీనరుండేవాడు,
గాలివానలా దూసుకొచ్చేవాడు.
వచ్చి, తనకి కావలసిన చోట
అప్పటికే ఎవరో నించుని ఉంటే
పెళ్లింట చెప్పులు పోయినవాడిలా
అటూ ఇటూ చూసి వెళ్లిపోయేవాడు.
నా చేతులు ఊరికే ఉండేవి.
పేపరువాళ్లు నన్ను 'పెట్టని కోట' అని రాశారు.
సిగ్గులేకుండా ఆ ముక్క కత్తిరించి
పర్సులో పెట్టుకు తిరిగాను.

అతని పేరున ఉన్నది ఒక్కటే గోలు.
బొబ్బిలిలో, వానలో, మోకాలికి తగిలి
మా వలలోకే.
నేను పడినచోటే పడుండి తిట్లు వెతుక్కుంటున్నాను.
అతను వలలోంచి బంతి తీసి
తడి బనీనుకే తుడిచి
నా చేతిలో పెట్టి
"నాదేలే" అన్నాడు.
పదమూడేళ్లలో అతను నాది అన్నది
అదొక్కటే.

తర్వాత ఓ రోజు మిల్లు గేటుకి కాయితం అంటించారు.
కూత లేని పొద్దున్న
ఊరంతా ఆలస్యంగా లేచింది.
తవిటయ్య పూసపాటిరేగ దగ్గర
రొయ్యల చెరువుకి రాత్రి కాపలా.
నేను విజయనగరంలో అపార్ట్‌మెంటు గేటు దగ్గర.
ఇక్కడ మాత్రం అన్నిటినీ లోపలికి వదుల్తాను.

మొన్న రాత్రి ఒంటిగంటకి,
మూడో అంతస్తు కుర్రాడిచ్చిన పగిలిన ఫోన్లో
స్విట్జర్లాండు వాళ్ల ఆట.
చాక్లెట్లూ మంచూ అనుకునే దేశం.
ఎర్ర బనీన్లు.
అందులో ఒకడు
బంతి రాకముందే రెండుసార్లు వెనక్కి చూశాడు.

నాకు ఒళ్లు జలదరించింది.
కెమెరా బంతివెంట పోతుంది కదా,
వాడు మాటిమాటికీ బొమ్మలోంచి తప్పిపోతాడు,
కావలసినప్పుడు మళ్లీ అంచునుంచి వస్తాడు,
వేలితో పక్కవాణ్ణి కొంచెం జరగమంటాడు.
వాడి పేరు ఒక్కసారే చెప్పారు.
పట్టుకుందామనుకునేలోగా దాటిపోయింది.

తవిటయ్యకి ఫోన్ చేశాను.
వెనకాల ఏరేటర్ల హోరు.
"ఒరే, ఎర్ర బనీను, మద్దెన ఉన్నోడు, ఆణ్ణి సూడు."
"ఉండు," అని పెట్టేశాడు.

అరగంట పోయాక తనే చేశాడు.
"సూసేన్రా. ఆడెవడో నాకు అగుపించనేదు."
నీళ్ల చప్పుడు కాసేపు.
"అయితే బాగా ఆడతన్నాడన్నమాట."

గేటు అవతల ఎవరిదో కారు, హారను.
వెళ్లి తీశాను.